స్టాండర్డ్ లైబ్రరీ మార్పులు, పాత కోడ్ భద్రత: తెలుగు అక్షరాల లెక్క చెప్పే సంగతులు

ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ మిగతా లైబ్రరీల లాంటిది కాదు. బయటి లైబ్రరీ కొత్త వెర్షన్ నచ్చకపోతే పాతదాంతోనే నెట్టుకురావచ్చు, లేదా ఇంకొకటి తెచ్చుకోవచ్చు. స్టాండర్డ్ లైబ్రరీ విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. భాష కొత్త వెర్షన్ కావాలంటే దాని లైబ్రరీనీ తీసుకోవాల్సిందే. పాత వెర్షన్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయిన రోజున మారక తప్పదు. అందుకే అందులో ఒక్క ఫంక్షన్ ప్రవర్తన మారినా, ఆ మార్పును అడగనివాళ్ళ ప్రోగ్రాముల మీద కూడా దాని ప్రభావం పడుతుంది. లైబ్రరీని అసలు మార్చకపోతే మొదట్లో జరిగిన పొరపాట్లు అలాగే మిగిలిపోతాయి. ఈ రెండు నష్టాలను ఎలా తూచాలన్నదే ఇక్కడి సమస్య.

పాత కోడ్ పనిచేయడం అంటే ఒకటే సంగతి కాదు. పాత సోర్స్ కోడ్ కొత్త కంపైలర్‌లో కంపైల్ కావాలి. ముందే కంపైల్ అయిన ప్రోగ్రాము కొత్త లైబ్రరీతో నడవాలి. నడిచాక పాత జవాబే ఇవ్వాలి. డిస్కులోనో డేటాబేస్‌లోనో దాచిన పాత సమాచారాన్ని కొత్త కోడ్ సరిగ్గా చదవాలి. మొదటి రెండూ తప్పితే వెంటనే తెలిసిపోతుంది, ప్రోగ్రాము ఆగిపోతుంది, ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. చివరి రెండూ తప్పితే ఏమీ ఆగదు. తప్పు జవాబు సరైన జవాబులాగే బయటికి వస్తుంది. లైబ్రరీ మార్పుల చర్చ చాలావరకు మొదటి రెండింటి చుట్టూ నడిచినా, అసలు నష్టం చివరి రెండింటి దగ్గరే ఉంటుంది.

తెలుగు రాతను కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుందో చూస్తే ఈ సమస్య అంతా ఒకే చోట కనిపిస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్ళ పేర్లు తీసుకుందాం. ‘పరిటాల’లో యూనికోడ్ లెక్కన ఆరు కోడ్ పాయింట్లున్నాయి: ప, ర, గుడి, ట, దీర్ఘం, ల. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 18 బైట్లు. బడిపిల్లవాడు లెక్కపెడితే నాలుగు అక్షరాలు: ప, రి, టా, ల. ‘జగ్గయ్యపేట’లో రెండు వత్తులున్నాయి గనుక అంతరం ఇంకా పెరుగుతుంది. బైట్లు 30, కోడ్ పాయింట్లు 10, పిల్లవాడి లెక్కలో ఐదు: జ, గ్గ, య్య, పే, ట.

పైథాన్ 2లో యూటీఎఫ్-8గా దాచిన ‘జగ్గయ్యపేట’ మామూలు స్ట్రింగ్ పొడవు అడిగితే 30 వచ్చేది. పైథాన్ 3లో అదే ప్రశ్నకు 10 వస్తుంది. 2008 డిసెంబరు 3న విడుదలైన పైథాన్ 3.0 ఈ మార్పును కావాలనే చేసింది. రాతకు ఒక రకం, బైట్లకు మరో రకం అని విడదీసింది. తెలుగువాళ్ళకు ఇది మేలు చేసిన మార్పు. పాత పద్ధతిలో స్ట్రింగును మొదటి పది స్థానాల దగ్గర తెంచితే కోత ఒక అక్షరం మధ్య బైటు మీద పడి, చివర చదవరాని గుర్తు మిగిలేది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటే కాబట్టి అక్కడ ఈ లోపం కనిపించేది కాదు.

ఇంత మంచి మార్పుకు పైథాన్ సమాజం చెల్లించిన మూల్యం మాత్రం చాలా పెద్దది. రెండు వెర్షన్లూ పక్కపక్కనే పదేళ్ళకు పైగా నడిచాయి. పైథాన్ 2.7కు మద్దతు 2015లో ఆపాలనుకుని, 2014లో ఆ గడువును పొడిగించి, చివరికి 2020 జనవరి 1న ముగించారు. మొదట్లో తీసేసిన కొన్నింటిని తిరిగి తేవాల్సి వచ్చింది. యూనికోడ్ స్ట్రింగు ముందు పెట్టే ‘యు’ గుర్తు 3.0లో చెల్లకుండా పోయి, 2012లో 3.3తో మళ్ళీ చెల్లింది. బైట్ల మీద పర్సెంట్ గుర్తుతో ఫార్మాట్ చేసే సదుపాయం 3.5లో తిరిగొచ్చింది. ఒకే కోడ్ రెండు వెర్షన్లలోనూ నడిచే దారి మూసేయడమే వలసను ఆలస్యం చేసిందని ఈ వెనకడుగుల్లోనే తెలుస్తుంది. లక్ష్యం సరైనదే అయినా, పాత ఇంటినుంచి కొత్త ఇంటికి సామాను కొంచెం కొంచెంగా మోసుకునే వీలు లేకుండా చేశారు.

కోడ్ పాయింట్ల లెక్క కూడా మనిషి లెక్క కాదు. ఆ ఖాళీని పూరించడానికి యూనికోడ్ సంస్థ గ్రఫీమ్ క్లస్టర్ అన్న భావనను ఇచ్చింది: చదివేవాడు ఒకే అక్షరంగా చూసే కోడ్ పాయింట్ల గుంపు. స్విఫ్ట్, ఎలిక్సిర్ భాషల్లో స్ట్రింగు పొడవంటే ఈ గుంపుల సంఖ్యే. అయితే గుంపు ఎక్కడ ముగుస్తుందో చెప్పే నియమాలు చాలాకాలం భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను పట్టించుకోలేదు. గుణింతాన్ని హల్లుతో కలిపేవి గానీ, పొల్లు తర్వాత వచ్చే హల్లును విడగొట్టేవి. ఆ నియమాల్లో ‘జగ్గయ్యపేట’ ఏడు ముక్కలు: జ, గ్, గ, య్, య, పే, ట. ‘కంచికచర్ల’ ఆరు, ‘కృష్ణా’ మూడు.

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 దీన్ని సరిచేసింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో పొల్లు తర్వాతి హల్లును అదే గుంపులో కలిపే నియమం చేర్చింది. దాంతో జగ్గయ్యపేట ఐదుకు, కంచికచర్ల ఐదుకు, కృష్ణా రెండుకు దిగాయి. పరిటాల, నందిగామ పేర్లలో వత్తు లేదు కాబట్టి అవి అప్పుడూ ఇప్పుడూ నాలుగే. ఆ ఆరు లిపుల్లో కన్నడం లేదు. అంటే ‘కృష్ణా’ను తెలుగులో రాస్తే రెండు, అదే పేరును అదే ఉచ్చారణతో కన్నడంలో రాస్తే మూడు.

తెలుగు పాఠకుడికి ఇది నిస్సందేహంగా మెరుగుదల. దీన్ని లైబ్రరీలోకి తెచ్చుకునే ప్రతి భాషకూ మాత్రం ఇది చప్పుడు లేని మార్పు. ఊరి పేరులోని మొదటి నాలుగు అక్షరాలను తాళంచెవిగా వాడి రికార్డులు వెతికే ప్రోగ్రాము ఒకటుందనుకుందాం. పాత నియమంలో జగ్గయ్యపేటకు ఆ తాళంచెవి ‘జగ్గయ్’. కొత్త నియమంలో ‘జగ్గయ్యపే’. లైబ్రరీ మారిన మర్నాడు పాత రికార్డులు దొరకవు. నందిగామ రికార్డులు మాత్రం ఎప్పటిలాగే దొరుకుతాయి. కొన్ని ఊళ్ళకు దొరకడం, కొన్నింటికి దొరకకపోవడం వల్ల లోపం ఎక్కడుందో పట్టుకోవడం మరీ కష్టమవుతుంది. పరీక్షకు పరిటాల, నందిగామ పేర్లను మాత్రమే వాడి ఉంటే పరీక్షలన్నీ నెగ్గుతాయి కూడా.

ఆపిల్ పరికరాల్లో ఇంకో చిక్కుంది. స్విఫ్ట్ స్టాండర్డ్ లైబ్రరీ 2019 నుంచి ఆపరేటింగ్ సిస్టంలో భాగంగా వస్తోంది. కాబట్టి యాప్‌ను ముట్టుకోకపోయినా, సిస్టం వెర్షన్లు వేరైన రెండు ఫోన్లలో ఒకే పేరుకు రెండు పొడవులు రావచ్చు. ఇలాంటి లెక్కను తెర మీద కర్సర్ కదపడానికి, పేరును ఇరుకు పెట్టెలో ఇమడ్చడానికి వాడుకోవడమే క్షేమం. దాచిపెట్టే తాళంచెవులకు, ఫైళ్ళలో రాసుకునే స్థానాలకు కోడ్ పాయింట్ల లెక్కో బైట్ల లెక్కో వాడాలి. ఆ రెండూ యూనికోడ్ వెర్షన్‌ను బట్టి మారవు. ఏ ఫంక్షన్ జవాబు ఎన్నేళ్ళైనా మారదు, ఏది మారే అవకాశం ఉంది అన్నది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటే ఈ గొడవలో సగం పుట్టదు. చాలా భాషల డాక్యుమెంటేషన్లు ఈ ఒక్క వాక్యం దగ్గరే మౌనంగా ఉంటాయి.

గ్రఫీమ్ నియమాల మార్పుకు పూర్తిగా ఎదురు దిశలో నిలిచింది పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల కథ. అక్కడ ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ అంటే పదంలో రాదగిన అక్షరం. అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అందులోకి వస్తాయి. గుణింతపు గుర్తులు యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, చిహ్నాలు. కాబట్టి అవి రావు. ఫలితంగా ‘పరిటాల’లోంచి పదాలను ఏరమంటే పైథాన్ మూడు పదాలు ఇస్తుంది: ‘పర’, ‘ట’, ‘ల’. గుడీ దీర్ఘమూ గాలిలో కలిసిపోతాయి. పదం మొత్తంగా ‘పర’ ఎక్కడుందో వెతకమంటే పరిటాలలో ఉందంటుంది. ‘పరిటాల’ అన్నీ అక్షరాలేనా అని ఈజ్‌ఆల్ఫా ఫంక్షన్‌ను అడిగినా కాదనే జవాబు.

ఇది లోపమన్న సంగతి 2007లోనే పైథాన్ బగ్‌ల జాబితాకెక్కింది. యూనికోడ్ సంస్థ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకిచ్చిన మార్గదర్శకాలు చిహ్నాలను కూడా పదంలో భాగంగా చూడమంటాయి. బయటి లైబ్రరీ ‘రీజెక్స్’ అలాగే చేస్తుంది. అయినా పదిహేనేళ్ళు దాటాక కూడా స్టాండర్డ్ లైబ్రరీ మారలేదు. మారిస్తే ఇప్పుడున్న లెక్కలేనన్ని నమూనాల జవాబులు చప్పుడు లేకుండా మారతాయన్న భయంలో నిజముంది. ఆ భయంతో కాపాడుతున్నది ఎవరినన్నదే అడగాల్సిన ప్రశ్న. చిహ్నాలు లేని లిపుల్లో రాసేవాళ్ళకు మార్పు వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. చిహ్నాలున్న లిపుల్లో రాసేవాళ్ళకు పాత ప్రవర్తన ఎన్నడూ పనికి రాలేదు.

పాత కోడ్‌తో పొందికను తూచే పద్ధతిలోని పెద్ద వెలితి ఇదే. మార్పు వల్ల విరిగే కోడ్ కళ్ళకు కనిపిస్తుంది, దాని యజమాని వచ్చి ఫిర్యాదు చేస్తాడు. మొదటినుంచీ పనిచేయని చోట కోడ్ అన్నదే పుట్టదు. తెలుగు పదాలను సరిగ్గా విడదీయలేని సాధనంతో ఎవరూ తెలుగు శోధన యంత్రం కట్టరు. కట్టాలనుకున్నవాళ్ళు వేరే సాధనం వెతుక్కుని వెళ్ళిపోతారు. వాళ్ళ నష్టం ఏ జాబితాలోనూ ఎక్కదు. పాత వాడుకరి నష్టాన్ని లెక్కపెట్టి, రాలేకపోయిన వాడుకరి నష్టాన్ని సున్నా అనుకుంటే తక్కెడ ఎప్పుడూ యథాస్థితి వైపే మొగ్గుతుంది.

జావా ఇదే ప్రశ్నకు రెండుసార్లు జవాబిచ్చింది, రెండూ చూడదగ్గవే. 2011లో వచ్చిన జావా 7 డిఫాల్ట్‌ను కదపకుండా, యూనికోడ్ ప్రకారం నడిచే ప్రత్యేకమైన ఫ్లాగ్‌ను చేర్చింది. అది పెడితే చిహ్నాలు కూడా పదంలో భాగమే. పెట్టకపోతే పదమంటే ఇంగ్లీషు అక్షరాలే. పాత కోడ్ చెడలేదు, కావలసినవాళ్ళకు దారి దొరికింది. 2022లో జేడీకే 19 (జావా 19) వచ్చేసరికి ఇంకో అతుకు సరిచేశారు. అప్పటిదాకా పదపు అంచును గుర్తించే ‘బ్యాక్‌స్లాష్ బి’ యూనికోడ్ అక్షరాలను చూసేది, ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ చూసేది కాదు. రెండూ ఒకే మాట మీద నిలబడాలని అంచును కూడా ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం చేశారు. నియమాల ఏకరూపత దృష్ట్యా సబబే. తెలుగు వైపు నుంచి చూస్తే, ‘నందిగామ’ను విడి పదంగా పట్టుకునే నమూనా జేడీకే 18 దాకా పనిచేసి, 19లో ఫ్లాగ్ లేకపోతే ఏమీ పట్టుకోకుండా పోయింది. లోపల కుదిరిన ఆ ఏకరూపతకు మూల్యం చెల్లించినవాళ్ళు ఇంగ్లీషు కాని భాషల్లో రాసేవాళ్ళే.

అదే ఏడాది మార్చిలో వచ్చిన జేడీకే 18 చేసిన మార్పు వేరే తూకానికి నిదర్శనం. అంతకుముందు ఎన్‌కోడింగ్ పేరు చెప్పకుండా ఫైలు రాస్తే జావా ఆపరేటింగ్ సిస్టం డిఫాల్ట్‌ను వాడేది. విండోస్‌లో అది పాత కోడ్ పేజీ. తెలుగుకు అలా డిఫాల్ట్ కాగల విండోస్ కోడ్ పేజీ అసలు లేనే లేదు. కాబట్టి ఊళ్ళ పేర్లన్నీ ప్రశ్నార్థకాల వరసగా మారి ఫైల్లో పడేవి, ఆ తర్వాత వాటిని తిరిగి తెచ్చుకునే మార్గమే లేదు. జెప్ 400 అన్న ప్రతిపాదనతో అన్ని చోట్లా యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. పాత కోడ్ పేజీల్లో ఫైళ్ళున్న జపాన్ లాంటి ఆసియా దేశాల వాడుకరులకు ఇబ్బంది ఉంటుందని ముందే గుర్తించి, ఒక సెట్టింగుతో పాత ప్రవర్తనకు వెళ్ళే వీలు ఉంచారు. డిఫాల్ట్ మారినా వెనక్కి వెళ్ళే తలుపు తెరిచే ఉంది. పైథాన్ కూడా పెప్ 686 అన్న ప్రతిపాదనతో 3.15 నుంచి ఇదే డిఫాల్ట్‌కు మారాలని నిర్ణయించింది. దానికి ముందే 2021లో 3.10తో, కోరుకున్నవాళ్ళకు మాత్రమే కనిపించే హెచ్చరికను ప్రవేశపెట్టింది. మార్పుకు ముందు హెచ్చరిక, మార్పు రోజున మినహాయింపు. ఈ రెండూ దొరికితే చప్పుడు లేని మార్పు కూడా చప్పుడున్న మార్పవుతుంది.

డాక్యుమెంటేషన్‌లో ఏం రాసినా, వాడుకరులు పట్టుకునేది కంటికి కనిపించే ప్రవర్తననే. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీరు హైరమ్ రైట్ పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రం ఇదే చెబుతుంది: వాడుకరులు తగినంతమంది ఉంటే, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారు. దీన్ని ఎదుర్కోవడంలో గో, పైథాన్ చెరో దారి పట్టాయి. మ్యాప్‌లోని అంశాలు ఏ క్రమంలో వస్తాయో ఎవరూ నమ్ముకోకూడదని గో ఆ క్రమాన్ని కావాలనే ప్రతిసారీ కలిపేస్తుంది. పైథాన్ డిక్షనరీలో 2016లో 3.6తో చేర్చిన క్రమం మొదట అమలులో యాదృచ్ఛికంగా వచ్చిన వివరం మాత్రమే. అందరూ దాన్ని నమ్ముకోవడం చూసి 2018లో 3.7తో హామీగా మార్చేశారు. గో పద్ధతి ముందుచూపు, పైథాన్ పద్ధతి వాస్తవాన్ని ఒప్పుకోవడం. ఏ హామీ ఇవ్వకుండా, ఏ అడ్డంకీ పెట్టకుండా వదిలేసి, పదేళ్ళ తర్వాత ‘మేం హామీ ఇవ్వలేదు’ అనడం మాత్రం సమర్థనీయం కాదు.

కంటికి కనిపించని ప్రవర్తన మీద కూడా ఆధారపడేవాళ్ళుంటారు. ఏ భాషలో తేదీలు, సమయాలు ఎలా రాయాలో లైబ్రరీలకు చెప్పే సీఎల్‌డీఆర్ డేటాలో 2022 అక్టోబరులో వచ్చిన 42వ వెర్షన్, అమెరికన్ ఇంగ్లీషు సమయంలో అంకెలకూ ఏఎం, పీఎంలకూ మధ్య ఉండే మామూలు ఖాళీని సన్నని, విడిపోని ఖాళీగా మార్చింది. 2023 మార్చిలో జేడీకే 20 ఆ డేటాను తీసుకుంది. తెర మీద ఏమీ మారలేదు. సమయాన్ని చదివి విడదీసే ప్రోగ్రాములు మాత్రం అక్కడక్కడా కూలిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జావా వాళ్ళు జేడీకే 23లో ఖాళీల మధ్య తేడాను చూసీచూడనట్లు చదివే పద్ధతి చేర్చారు. ఇది కోడ్ మార్పు కాదు, డేటా మార్పు. లైబ్రరీ నిర్వాహకులు కోడ్ మార్పులకు పెట్టే కాపలా డేటా మార్పులకు పెట్టరన్న సంగతి ఇలాంటి ప్రతి ఘటనలోనూ బయటపడుతుంది.

డేటా దగ్గర జరిగిన మరో పెద్ద నష్టం 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28ది. లినక్స్‌లోని ఈ సీ లైబ్రరీ అక్షర క్రమపు పట్టికలను ఒకేసారి కొత్త ప్రమాణానికి మార్చింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన ఇండెక్సులను ఆ క్రమంలోనే పేర్చుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టం మారగానే పాత క్రమంలో పేర్చిన ఇండెక్సును కొత్త క్రమంతో వెతకడం మొదలైంది. ఉన్న రికార్డు లేదని జవాబు రావడం, ఒకటే ఉండాల్సిన విలువ రెండుసార్లు ఎక్కడం లాంటివి జరిగాయి. డేటాబేస్ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఈ అనుభవం తర్వాతి ఏళ్ళలో పోస్ట్‌గ్రెస్‌ను ఆపరేటింగ్ సిస్టం మీద ఆధారపడని సొంత క్రమం వైపు నడిపింది. 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17లో అది అందుబాటులోకి వచ్చింది.

ఊళ్ళ పేర్లు, కాలమండలాల పేర్ల లాంటివి ప్రభుత్వాలు మార్చినప్పుడు మారక తప్పదు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీసినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, దాంతోపాటు పరిటాల ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. అంతకుముందు నాటి రికార్డులో కృష్ణా జిల్లా అని ఉండడం తప్పు కాదు, ఆ తేదీకి అదే నిజం. కాలమండలాల డేటాబేస్ ఇలాంటి చోట మంచి పద్ధతి పాటిస్తుంది. కలకత్తా పేరు 2001లో కోల్‌కతాగా మారింది. డేటాబేస్‌లో ఆసియా/కోల్‌కతా వచ్చాక కూడా ఆసియా/కలకత్తా అన్న పాత పేరు లింకుగా బతికే ఉంది. పాత పేరుతో అడిగినా సరైన సమయమే వస్తుంది.

యూనికోడ్ ఇంకా కఠినమైన దారి ఎంచుకుంది. ఒకసారి కేటాయించిన కోడ్ పాయింటును, అక్షరానికి పెట్టిన పేరును ఎన్నటికీ మార్చదు. ఒకే రాతకు రెండు రూపాలుంటే వాటిని ఒకటిగా చేసే నార్మలైజేషన్ ఫలితం కూడా మారదు. దీనివల్ల మొదట్లో దొర్లిన వింతలు అలాగే ఉండిపోయాయి. తెలుగులో విడిగా ఉన్న దీర్ఘపు గుర్తుకు (లెంగ్త్ మార్క్), ఐత్వపు గుర్తుకు (ఏఐ లెంగ్త్ మార్క్) నార్మలైజేషన్‌లో వరస నిర్ణయించడానికి ఇచ్చిన క్రమసంఖ్యలు 84, 91. మిగతా భారతీయ లిపుల్లో ఇలాంటి గుర్తులకు ఈ తరహా సంఖ్యలు లేవు. వాటిని సరిచేస్తే పాత పత్రాల నార్మలైజేషన్ మారిపోతుంది కాబట్టి ముట్టుకోరు. ఇక్కడ ఆ కాఠిన్యం సరైనదే. నార్మలైజ్ చేసిన రాత మీద డిజిటల్ సంతకాలు, పాస్‌వర్డులు, డొమైన్ పేర్లు ఆధారపడతాయి. వాటిలో ఒక్కటి తప్పినా సరిచేసుకునే అవకాశం ఉండదు. పైథాన్ కూడా డొమైన్ పేర్ల పాత ప్రమాణం కోసం యూనికోడ్ 3.2 పట్టికను ఇప్పటికీ పక్కన దాచి ఉంచుతుంది.

కొత్త అక్షరాలు చేర్చడానికి మాత్రం అడ్డు లేదు. 2021లో యూనికోడ్ 14 నకార పొల్లుకు విడిగా కోడ్ పాయింటు ఇచ్చింది. పైథాన్ 3.10 దాన్ని అక్షరంగా గుర్తించదు, 3.11 గుర్తిస్తుంది. చేర్పు ఎవరికీ హాని చేయదన్నది వాడుకలో ఉన్న నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. 2024 జులైలో రస్ట్ 1.80 స్టాండర్డ్ లైబ్రరీలో ఒక చిన్న సదుపాయం చేర్చడంతో, అప్పటిదాకా ఒకే అర్థం వచ్చే కోడ్‌కు రెండు అర్థాలు సాధ్యమయ్యాయి. ఎంతోమంది వాడే ‘టైమ్’ అన్న లైబ్రరీ పాత వెర్షన్లు కంపైల్ కావడం మానేశాయి. బహిరంగంగా ఉన్న రస్ట్ కోడ్‌ను పెద్ద ఎత్తున కొత్త వెర్షన్‌తో కంపైల్ చేసి చూసే ‘క్రేటర్’ అనే సాధనం రస్ట్ వాళ్ళకుంది. అంత కాపలా ఉన్న చోట కూడా ఇది జరిగింది.

ఈ అనుభవాల మీద భాషలు కొన్ని దారులు వేసుకున్నాయి. అన్నిటికన్నా క్షేమమైనది పాతదాన్ని అలాగే ఉంచి పక్కన కొత్తది కట్టడం. జావాలో తేదీల పాత తరగతులు లోపభూయిష్టమని తెలిసినా తీసేయలేదు. 2014లో జావా 8తో కొత్త తేదీల లైబ్రరీని పక్కన చేర్చారు. 2012లో వెర్షన్ 1తో పాత కోడ్‌కు హామీ ఇచ్చిన గో, యాదృచ్ఛిక సంఖ్యల లైబ్రరీని 2024 ఫిబ్రవరిలో ‘వీ2’ పేరుతో విడిగా తెచ్చింది. ఫాంట్లలోనూ ఇదే జరిగింది. తెలుగు అక్షరాలను పేర్చే పద్ధతి మారినప్పుడు ఓపెన్‌టైప్ ఫాంటు ప్రమాణం పాత లిపి ట్యాగును తాకకుండా కొత్త ట్యాగును చేర్చింది. ఏ ట్యాగు ఉంటే ఆ పద్ధతిలోనే ఫాంటు నడుస్తుంది. ఈ దారికి ఖరీదు లేకపోలేదు. కొత్తగా నేర్చుకునేవాడు ఒకే పనికి రెండు లైబ్రరీలు చూసి, పాత పాఠాలు చదివి, పాతదాన్నే ఎంచుకుంటాడు.

ప్రోగ్రామే తన కాలాన్ని ప్రకటించుకునే పద్ధతి ఇంకా నాజూకైనది. గోలో ప్రతి ప్రాజెక్టూ తాను ఏ వెర్షన్‌కు రాసిందో ఒక వరసలో చెబుతుంది. 2023లో వచ్చిన 1.21 నుంచి, లైబ్రరీ ప్రవర్తన మారిన చోట ఆ వరసను చూసి పాత ప్రవర్తననే ఇచ్చే ఏర్పాటును విస్తరించారు. కంపైలర్ కొత్తది, సెక్యూరిటీ మరమ్మతులు కొత్తవి, ప్రవర్తన మాత్రం ప్రాజెక్టు అడిగిన కాలానిది. ఇప్పటిదాకా వచ్చిన ఏర్పాట్లలో ఇదే అత్యంత న్యాయమైనదిగా కనిపిస్తుంది. మార్పు భారం మారాలనుకున్నవాడి మీద, అతను ఎంచుకున్న రోజున పడుతుంది. పైథాన్ పదాల సమస్యకూ, గ్రఫీమ్ లెక్కలకూ సరిగ్గా నప్పే దారి ఇదే.

తీసివేత చివరి దారి. పైథాన్‌లో పెప్ 387 ప్రకారం దేన్నైనా తీసేసే ముందు కనీసం రెండు వెర్షన్ల పాటు హెచ్చరించాలి. హెచ్చరిక కనబడకపోతే గడువు ఎంతున్నా వృథాయే. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కొన్ని పేర్లను 2012లో వేరే చోటికి మార్చి, పాత చోటు నుంచి 2021లో 3.10తో తీసేశారు. తొమ్మిదేళ్ళ గడువు. అయినా ఎన్నో లైబ్రరీలు ఆ రోజున ఆగిపోయాయి, ఎందుకంటే ఆ హెచ్చరికలు మామూలుగా తెర మీదికి రావు. 2024 అక్టోబరులో 3.13 నుంచి పెప్ 594 కింద 19 మాడ్యూళ్ళను తీసేసినప్పుడు మాత్రం పేర్ల జాబితా, గడువు, ప్రత్యామ్నాయాలు ముందే ప్రకటించారు. చూసుకునే నాథుడు లేని కోడ్ లైబ్రరీలో ఉండడమే ప్రమాదమన్నది వాళ్ళ వాదన, అది బలమైనదే.

భద్రత విషయంలో లెక్క మారిపోతుంది. సీ భాషలోని ‘గెట్స్’ ఎంత పొడవు రాత వచ్చినా ఆపకుండా చదివేది. దాన్ని భద్రంగా వాడే మార్గమే లేదు కాబట్టి సీ11 ప్రమాణం నుంచి తీసేశారు. 2022 సెప్టెంబరులో పైథాన్, మామూలుగా ప్రవర్తన మార్చకూడని చిన్న వెర్షన్లలోనే, 4,300 అంకెలు దాటిన సంఖ్యలను రాతగా మార్చడం ఆపేసింది. పెద్ద సంఖ్యలతో సర్వర్లను స్తంభింపజేసే దాడి ఉంది కాబట్టి ఆ తొందర. గణితం చేసుకునేవాళ్ళు నొచ్చుకున్నారు, పరిమితి ఎత్తేసే సెట్టింగు ఒకటి వాళ్ళకు మిగిలింది. దాడికి గురయ్యేవాళ్ళు ఎక్కువ, సెట్టింగు మార్చుకోవాల్సినవాళ్ళు తక్కువ. తూకం ఆ పక్కకే మొగ్గడం సహజం.

ఎంతమందికి నష్టమో కొలిచే సాధనాలన్నీ బహిరంగంగా ఉన్న కోడ్‌నే చూస్తాయి. క్రేటర్ అయినా, లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు చేసే పునర్నిర్మాణ పరీక్షలైనా అంతే. కార్యాలయాల్లో, ముద్రణాలయాల్లో, చిన్న సంస్థల్లో నడిచే స్క్రిప్టులు వాటికి కనిపించవు. భారతీయ లిపులను వాడే కోడ్‌లో పెద్ద భాగం అలాంటి చోట్లే ఉంటుంది. పరీక్షల్లో ఆ లిపులు లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో వస్తే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఫిబ్రవరి 19న 11.2.6తో ఆపిల్ సరిచేసింది. ఆ లోపం పాత కోడ్‌తో పొందికకు సంబంధించింది కాదు. కానీ కారణం ఒకటే: లైబ్రరీ పరీక్షలు రాసినవాళ్ళ ఊహకు వత్తులూ గుణింతాలూ అందలేదు.

మార్పు ప్రతిపాదన వచ్చినప్పుడు నిర్వాహకులు అడగాల్సిన ప్రశ్నలు దీన్నిబట్టి తేలతాయి. విరిగితే చప్పుడవుతుందా, చప్పుడు లేకుండా జవాబు మారుతుందా? దాచిన డేటా మీద ప్రభావం ఉందా? పాత ప్రవర్తనకు వెళ్ళే దారి ఎన్నాళ్ళు తెరిచి ఉంటుంది? పాత ప్రవర్తన ఎవరికి ఎన్నడూ పనికి రాలేదు, వాళ్ళెందరు? మొదటి మూడింటికి ఇప్పుడు చాలా భాషల ప్రతిపాదన పత్రాల్లో చోటుంది. నాలుగోదానికి లేదు. దానికి జవాబు దొరకాలంటే ప్రతి స్టాండర్డ్ లైబ్రరీ పరీక్షల్లో జగ్గయ్యపేట, కంచికచర్ల లాంటి పేర్లు, వాటికి ఏ వెర్షన్‌లో ఏ జవాబు రావాలో రాసి ఉండాలి. ఆ పరీక్షలను చేర్చడానికి ఏ భాషా కమిటీ అనుమతీ అక్కర్లేదు. పైథాన్, గో, రస్ట్ మూడూ బయటివాళ్ళు పంపే పరీక్షలను స్వీకరిస్తాయి.